పీపాలో ఊపిరి

రాత 1

గట్టయ్య చెప్పాడు కాబట్టి రాస్తున్నాను. బీరు కాచేవాళ్లు ఏం వేశారో, ఏ పూట ఏమైందో రాసి పెట్టుకోవాలట. లేకపోతే బాగా కుదిరినప్పుడు ఎందుకు కుదిరిందో తెలియదు, చెడినప్పుడు ఎవరిని తిట్టాలో తెలియదు. నాకు రెండోదే ముఖ్యం అనిపించింది.

అసలు నాకు బీరు మీద మోజు లేదు. ఈ పీపా మీద కోపంతో మొదలుపెట్టాను. మా ఆయన రాజలింగు పైకి పనికి వెళ్లే ముందు ఎక్కడి నుంచో ఈ నీలం పీపాను దొర్లించుకొచ్చి మూలగదిలో నిలబెట్టాడు. "క్యాంటీన్ల పోసేది బీరు గాదే ఓదెమ్మా, బట్టలు జాడిచ్చిన నీళ్లు. అసలు బీరు నేనే కాస్త సూడు" అన్నాడు. కాయలేదు. కరెంటుకు పెట్టిన ఎండ పలకలు తుడిచే ముఠాతో పైకి ఎక్కాడు, దుమ్ముగాలి వచ్చింది, ముఠాలో సగం మందే తిరిగి మేముండే ఈ గనిలోకి దిగారు. ఆయన దిగలేదు. పీపా మాత్రం నా నెత్తిన ఉంది.

నిన్న వాడకం తనిఖీవాళ్లు వచ్చారు. వాడని వస్తువు ఇంట్లో ఉండకూడదు, పీపా అప్పగించమన్నారు. వాడుతున్నానన్నాను. దేనికన్నారు. నోటికి ఏది వస్తే అది అనేయడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. "బీరుకు" అన్నాను. మళ్లీ వచ్చి చూస్తామని పోయారు.

చూడనీ. ఇప్పుడు బీరు ఎలా కాస్తారో తెలుసుకోవాలి.

రాత 2

చేతిలో డబ్బు లేదు కాబట్టి ఇంట్లో ఉన్నదానితోనే చేశాను. రేషన్ జొన్నలు, అవి కూడా పురుగు పట్టి నేను పక్కన పెట్టినవి. చెరిగి, నానబోసి, తడిగుడ్డలో మూట కట్టి మొలకెత్తించాను. వేడినీళ్ల గొట్టం మీద పరిచి ఆరబెట్టాను. రోట్లో పలుకులుగా దంచాను. వేలు పెడితే చురుక్కుమనాలి గాని కాలకూడదు, అంత వేడి నీళ్లలో పోసి మూత పెట్టి ఒక పూట వదిలేస్తే, అంబలి లాంటిది కాస్తా తియ్యటి నీళ్లయింది. ఎలా అయిందో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు. రాజలింగు పంచెలో వడకట్టాను.

చేదుకు పాతకాలంలో ఏదో పువ్వు వేసేవారట. ఆ పువ్వును ఈ గనిలో చూసినవాడు లేడు. కాకర ఒరుగులు వేసి మరిగించాను. కొంచెం బెల్లం. చల్లారాక గట్టయ్య తన సీసాలోంచి ఈస్టు పోశాడు. అతను దాన్ని రోజూ గంజి పోసి పెంచుతాడు, కోడిపిల్లను సాకినట్టు. మూతకు గొట్టం బిగించి, దాని కొసను నీళ్ల సీసాలో ముంచాడు. లోపలి గాలి బయటికి రావాలి, బయటి గాలి లోపలికి పోకూడదట.

గట్టయ్య కూడా ఆ ముఠాలోవాడే. తిరిగి దిగిన సగంలో ఒకడు. నన్ను అక్కా అంటాడు, ఆయన్ని బావ అనేవాడు. అతను దిగిన రోజే నాకు చెప్పాడు. "అక్కా, బావ దుమ్ముల కూలవడంగ నేను సూసిన. మల్ల లేవలే."

"కూలవడంగ సూసినవు. పానం పోంగ సూసినవా?"

చూడలేదన్నాడు. అప్పటి నుంచి, ఇంటింటికీ లెక్క కట్టి గాలి పంచే గాలి ఆఫీసు కాగితం మా ఇంట్లో గోడకు వేలాడుతోంది. నేను సంతకం పెడితే రాజలింగు చనిపోయినట్టు. పెట్టకపోతే 'పైన ఉన్నారు' అనే ఉంటుంది. ఏడాది గడిచినా ఆయన రాకపోతే, నేను సంతకం పెట్టినా పెట్టకున్నా, ఇద్దరి ఇల్లు ఒక్కరికి ఎందుకని గోడ లోపలికి జరిపేస్తారు. ఏడాది దగ్గర పడుతోంది. నేను పెట్టలేదు. కాకులు కూడా లేని ఈ పాతాళంలో, శవం కూడా లేకుండా, ఒక గీత గీసి మనిషిని చంపమంటే నా వల్ల కాదు.

రాత 3

పొద్దున లేచి ముక్కు తుడిచాను. మా వరుసలో ప్రతి ఇంటి కప్పుకూ ఒక ముక్కు ఉంటుంది. ఇంట్లో ఎంతమంది ఊపిరి వదులుతున్నారో అది పసిగట్టి, అంతమందికి సరిపడా గాలి వదులుతుంది. వచ్చిపోయే చుట్టాల ఊపిరిని వాళ్ల చేతిపట్టీ చూసి వాళ్ల ఇంటి లెక్కలోనే ఉంచుతుంది. దాన్ని మోసం చేయడం ఎవరి తరమూ కాదంటారు. దుమ్ము పడితే మాత్రం దగ్గుతుంది, అందుకే తుడవాలి.

మూలగదిలో పీపా పనిలో పడింది. గొట్టం కొసన బుళుక్. ఆగి మళ్లీ బుళుక్. బాగానే ఉంది.

బాగా లేనిది వేరే. ఇన్నాళ్లుగా పొద్దున్నే కణతలు పట్టేసినట్టు ఉండే తలనొప్పి ఇవాళ లేదు. ఒక్కరి గాలి అంటే ఒక్కరికి బొటాబొటిగా ఇస్తారు. ఇవాళ ఇల్లంతా పాతరోజుల్లా తేలిగ్గా ఉంది. నాకే ఏదో అయిందనుకున్నాను. నీళ్లకు వెళ్దామని తలుపు తీస్తే, ఇంట్లో ఎంతమందో చూపే బయట గోడ మీది అంకె చూసి బిందె జారింది.

రెండు.

తలుపు వేసి మళ్లీ తీశాను. రెండే.

రాత 4

ముక్కు మాట్లాడింది. దానిది రేడియోలో వార్తలు చదివేవాళ్ల గొంతు. "రాజలింగు గారికి పునఃస్వాగతం. మీ గృహానికి ఇద్దరి గాలి పునరుద్ధరించబడింది."

మంచం కింద చూశాను. చూసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత మూలగదిలో చూశాను, బట్టల వెనక చూశాను, చివరికి నీళ్ల తొట్టిలో కూడా చూశాను. ఆరడుగుల మనిషి తొట్టిలో ఎలా పడతాడు? చూశాను మరి. ఒకసారి మెల్లగా పేరు పెట్టి పిలిచాను కూడా. బుళుక్ అంది పీపా.

అప్పటికే గుమ్మం ముందు మంది. మా దగ్గర పైనుంచి మనిషి క్షేమంగా దిగితే వరుసంతా వచ్చి కాళ్లకు నీళ్లు పోస్తారు. తలా ఒక చెంబు, వాళ్ల వాళ్ల రేషన్ నీళ్లే. అందరికన్నా ముందు పక్కింటి ఐలవ్వక్క నిలబడింది. ఆమె కొడుకు తిరుపతి అదే గాలిదుమారంలో పోయాడు. ఆమె వారం తిరక్కుండానే సంతకం పెట్టింది. "దాసుకుంటె పోయినోడు వస్తడా? సంతకం వెట్టు, కడుపు సల్లవడ్తది" అని నన్ను వరుస వినేలా ఎన్నిసార్లు అన్నదో.

"ఏడే నీ మొగడు?" అంది.

"పండుకున్నడు" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"మొగడేనా?" అంది కళ్లు చిన్నవి చేసి. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఐలవ్వక్క మాత్రం నవ్వలేదు. ఖాళీ గుమ్మం మీదే చెంబెడు నీళ్లు పోసి, కొంగుతో ముఖం తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

గాలి ఆఫీసు కిటికీ దగ్గరికి పోయి అడిగాను. లోపల కూర్చున్న గుమాస్తా విసుక్కోకుండా చెప్పాడు. "పట్టీ లేని ఊపిరి రెండే తీర్ల ఉంటదమ్మా. పోయినోడు మల్ల వచ్చిండో, లేకుంటె కొత్తగ పుట్టిండో. మీ ఇంట్ల పైకి పోయినోడు ఉన్నడు గాబట్టి వచ్చినట్టు రాసుకున్నది."

"నాకు కనవడ్తలేడయ్యా."

"ముక్కుకు కనవడ్డది గదమ్మా."

వాడు చెప్పిన తీరు చూస్తే తప్పు నా కళ్లదే అనిపించింది. ఇంటికి వస్తుంటే దారి మొత్తం నాకు ఒకటే ఆలోచన. పిచ్చి పట్టేవాళ్లకు పడుతున్నట్టు తెలుస్తుందా?

రాత 5

గట్టయ్య వణుకుతూ వచ్చాడు. "బావ వచ్చిండంటున్నరు అక్కా. నేను సూసిన గదా. నా కండ్లతోని సూసిన గదా." తను చూసింది తప్పయితే చాలు దేవుడా అన్నట్టుంది అతని ముఖం.

ఇల్లంతా వెతుక్కోమన్నాను. వెతికి వెతికి మూలగదిలో ఆగిపోయాడు. నీళ్ల సీసా దగ్గర చెవి పెట్టాడు. ముక్కు వైపు చూశాడు, సీసా వైపు చూశాడు. గొట్టం కొసను వేలితో మూసి కాసేపు పట్టుకున్నాడు. "అక్కా, బయట అంకె సూడు."

వెళ్లి చూశాను. అంకె మినుకుమినుకుమంటోంది. వేలు తీశాడు. రెండు నిలబడింది.

"పులిసేటప్పుడు పీపా వదిలేది, మనం ఊపిరి వదిలేది ఒక్కటే గాలి" అన్నాడు. "ఇది బావ గాదు. బీరు."

నాకు నవ్వొచ్చింది. అతనికీ వచ్చింది. ఇద్దరం గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వాం. పెళ్లాం చేతి కాకర నీళ్లు మొగుడై కూర్చున్నాయి! ఈ మాట వింటే రాజలింగు ఎంత నవ్వేవాడో అనుకోగానే నా నవ్వు ఆగింది. గట్టయ్యది అంతకుముందే ఆగిపోయింది. అతను పీపా పక్కన బాసింపట్టు వేసుకు కూర్చుని, దాని మీద చెయ్యి వేసి, నేను వింటున్నానన్న సంగతి మరిచిపోయి "బావా" అన్నాడు.

తిట్టాలనిపించింది. ఈస్టు పోసినవాడు, గొట్టం బిగించినవాడు, అన్నీ తెలిసినవాడు ఇలా చేస్తే ఏమీ తెలియని నేనేం కావాలి?

రాత 6

ఆఫీసుకు పోయి సంగతి చెప్పేద్దామని బయలుదేరాను. సగం దూరం పోయి వెనక్కి వచ్చాను. ఉప్పు అయిపోయిందని గుర్తొచ్చింది. ఇంట్లో ఉప్పు ఉంది.

తలనొప్పి లేదు. నిద్ర పడుతోంది. ఇద్దరి గాలి నాకొక్కదానికే. పీపాకు గాలి పీల్చే పని లేదు కదా, వదలడమే. రాజలింగు కూడా అంతే, ఇంట్లో తీసుకునేది తక్కువ, ఇచ్చేది ఎక్కువ అని అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, అదేం కాదు, ఆయన గురకకు నేను ఎన్నేళ్లు నిద్రలేకుండా ఉన్నానో. మనిషి లేకపోతే ఇలా మంచివాడైపోతాడు కాబోలు.

పీపా ఒళ్లు వేడెక్కుతోంది. వేడెక్కితే బీరు చెడుతుందని గట్టయ్య చెప్పాడు. తడిగుడ్డ చుట్టాను, ఆరినప్పుడల్లా మారుస్తున్నాను. జ్వరం వచ్చినవాడికి చేసినట్టే చేస్తున్నానని తెలుసు. బీరుకు చేస్తున్నాననీ తెలుసు. రెండూ ఒకేసారి తెలిస్తే ఏది నిజంగా తెలిసినట్టు?

రాత 7

బుళుక్‌కూ బుళుక్‌కూ మధ్య ఎడం పెరిగింది. ముక్కు అంది: "రాజలింగు గారి ఊపిరి నీరసంగా ఉంది. పౌష్టికాహారం ఇవ్వగలరు."

బెల్లం పాకం చేసి, చల్లార్చి, మూత ఎత్తి పోశాను. సాయంత్రానికి పీపా మళ్లీ హుషారైంది. "రాజలింగు గారి ఆరోగ్యం మెరుగుపడింది." నాకు సంతోషం వేసింది. దాచుకోవడం దేనికి, చాలా సంతోషం వేసింది.

రాత 8

నా బెల్లం అయిపోయింది. టీ చప్పగా తాగుతున్నాను. గట్టయ్య తన బెల్లం తెచ్చి ఇస్తున్నాడు, ఇస్తూనే గొణుగుతున్నాడు.

"అక్కా, బీరు బీరు గావాలంటె అది ఆగాలె. ఆగినంకనే తేరుకుంటది. ఆగకముందే తిండి వెట్టుకుంట పోతె గది బీరు గాదు, సారా గాదు. పాడయితది."

"పాడయితె కానియ్యి."

"వాసన సూసినవా?"

చూశాను. మొదట్లో రొట్టె వాసన వచ్చేది. ఇప్పుడు ముక్కుపుటాలు మండుతున్నాయి. తనిఖీవాళ్లు వచ్చి, పీపా చూసి, వాసన చూసి, "మంచిగ వాడుకుంటున్నరు" అని మెచ్చుకుని పోయారు. ఏ పీపా కోసం ఇదంతా మొదలైందో ఆ పీపా ఇప్పుడు నాదే. అయినా నాకు గెలిచినట్టు లేదు.

ఐలవ్వక్క రోజూ ఏదో వంకతో వస్తోంది. చాట అడుగుతుంది, జల్లెడ అడుగుతుంది. మూలగది వైపు చూస్తుంది. ఒకసారి "దగ్గుతున్నడా?" అని అడిగింది. లేదన్నాను. "తిరుపతి బాగ దగ్గెటోడు" అని, చాట తీసుకోకుండానే వెళ్లిపోయింది.

రాత 9

ఊపిరి నర్సు సునంద వచ్చింది. నీరసం అని ముక్కు పదే పదే చెబితే ఆమె వచ్చి చూడాలట. మా చిన్నచెల్లెలి వయసుంటుంది, చంకలో గొట్టాల పెట్టె.

"పేషెంటు ఏడమ్మా?"

"పండుకున్నడు."

"లేపుండ్రి."

"లేవడు."

ఇన్ని రోజుల్లో నేను చెప్పిన నిజం అదొక్కటే. ఆమె నన్ను తప్పించుకుని మూలగదిలోకి పోయింది. పీపా, పీపాకు చుట్టిన తడిగుడ్డ, పక్కన చాప, చాప మీద ఆయన దుప్పటి. ఆమె ఒక్కొక్కటే చూసింది. తన పెట్టెలోంచి గొట్టం తీసి నీళ్ల సీసా దగ్గర పెట్టింది. పెట్టె కీచుమంది. "ఒక్కరు. నీరసం" అని చదివి, చాప మీద కూలబడింది.

"ఎవలకన్న చెప్పిండ్రా?"

"లేదు బిడ్డా. నువ్వే రాస్కో. ముక్కు పీపాను మనిషనుకున్నదని రాయి. నేను చెప్పలేకపోయిన, నువ్వన్న రాయి."

"ముక్కు తప్పు చేసిందని రాస్తె ఈ వరుసలన్నిట్ల లెక్క మల్ల మొదటికెల్లి చేస్తరు. లెక్క అయ్యేదాంక అందరికి సగం గాలే. మీ వరుసల ముసలోళ్లు ఎంతమంది ఉన్నరమ్మా?"

మా వరుసలో ముసలివాళ్లే ఎక్కువ, పనికి పోయేవాళ్లు పైన పోయారు కదా.

"మరి పీపా అని రాయి."

"నా కాగితంల పీపాకు గడి లేదమ్మా. వచ్చిండు, పుట్టిండు, సచ్చిపోయిండు. గివే ఉన్నయి." ఆమె ముఖం తుడుచుకుంది. "నీరసంగ ఉన్నోణ్ణి దవాఖానకు మొయ్యాలె. రేపు స్ట్రెచర్ తోలుత. అది వచ్చే యాల్లకు మనిషన్న ఉండాలె, లేకుంటె ఊపిరన్న..."

మిగతాది చెప్పలేదు. నాకు అర్థమైంది. ముక్కు తప్పు చేయదు కాబట్టి రాజలింగు వచ్చాడు. వచ్చాడు కాబట్టి పోవాలి. ఆయన్ని ఇంటికి రప్పించింది నేను కాదు, కానీ పంపాల్సింది నేను. ఇదెక్కడి న్యాయం?

గుమ్మం దాకా పోయి సునంద వెనక్కి తిరిగింది. "మా నాయిన గూడ కాసేటోడు. ఆగే టైముకు తిండి పెట్టొద్దనేటోడు. ఊకె గోస పెట్టినట్టయితదట" అంది.

బీరు గురించే అంది. బీరు గురించేనా?

రాత 10

గట్టయ్య ఇచ్చిన బెల్లంలో ఒక ముక్క మిగిలింది. పొయ్యి మీద గిన్నె పెట్టి, నీళ్లు పోసి, బెల్లం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. గదిలోంచి బుళుక్. చాలాసేపటికి ఇంకొకటి. పాకం పోస్తే మళ్లీ హుషారవుతుంది. రేపు స్ట్రెచర్ వస్తుంది. ఆ పిల్ల రాయక తప్పదు, వరుసకు సగం గాలి. ఐలవ్వక్క ఆయాసం నాకు తెలుసు, గోడ అవతల నుంచే వినబడుతుంది.

పొయ్యి ఆర్పేశాను. బెల్లం నోట్లో వేసుకున్నాను.

ఎన్నాళ్లకు తీపి తగిలిందో నాలుకకు! తియ్యగా ఉంది. అంత తియ్యగా ఉన్నందుకే ఏడుపొచ్చింది. ఏడాదిగా రానిది, బెల్లం ముక్క నోట్లో ఉండగా వచ్చింది. పోయి చాప మీద కూర్చుని ఆయన్ని తిట్టాను. పైకి పోవద్దంటే విన్నావా అన్నాను. ముఠాలో నువ్వొక్కడివే ఉన్నావా పలకలు తుడవడానికి అన్నాను. పీపా తెచ్చినవాడివి ఒక్కసారైనా కాచి చావకూడదా అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక వినబడింది నాకు. అయినా వెనక్కి తీసుకోలేదు.

బుళుక్.

చెయ్యి పీపా మీద పెట్టి ఉంచాను. వేడి తగ్గుతూ వచ్చింది. ఇంకొకటి వస్తుందని చూశాను. ఇంకా చూస్తూనే ఉన్నాను, బయట ఐలవ్వక్క శోకం వినబడింది. గోడ మీద అంకె మారిందన్నమాట.

రాత 11

ముక్కు చెప్పింది. "రాజలింగు గారు స్వగృహంలో, భార్య సమక్షంలో కన్నుమూశారు. గాలి కార్యాలయం సంతాపం తెలుపుతోంది."

స్వగృహంలో. ఆ ఒక్క మాటకు నాకు మళ్లీ ఏడుపు పొంగింది. అబద్ధమని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా ఆ ముక్క కాగితం మీద ఉంటుంది. దుమ్ములో కూలాడని ఎక్కడా ఉండదు.

వరుసలో పొయ్యిలన్నీ ఆర్పేశారు. అందరూ వచ్చారు. పీనుగ ఏదని ఎవరూ ముందుగా అడగలేదు. చివరికి ఒక ముసలాయన అడిగాడు. గట్టయ్య మూలగదిలోకి చెయ్యి చూపించి, "బావ ఇంట్లనే ఉన్నడు" అన్నాడు.

ఎవరో నవ్వబోయారు. ఐలవ్వక్క ఆ నవ్వబోయినవాడి వీపు మీద ఒక్కటి వేసింది. తర్వాత నలుగురు వచ్చి పీపాను భుజాలకెత్తారు. ఎంతమందికి అర్థమైందో, ఎంతమంది అర్థం కానట్టు ఉన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మనిషంత బరువుగా ఉందని మాత్రం మోసినవాళ్లు అన్నారు.

గాలిబావి కిందికి తీసుకెళ్లారు. పైకి పోయే గాలి అంతా అందులోంచే పోతుంది. ఊరు నేల మీద ఉన్నప్పుడు పిట్టకు పెట్టేవారట, కాకి ముడితే పోయినవాడికి తృప్తి. ఇక్కడ పిట్ట ఎక్కడిది? వేడి ముద్ద బావి కింద పెడతాం, ఆవిరి నిట్టనిలువుగా పైకి లేస్తే ముట్టినట్టు. లేచింది. గట్టయ్య పీపా మూత తీసి మొదటి గ్లాసు పోయినవాడి పేర నేల మీద శాక పోశాడు. తర్వాత వరుసగా అందరికీ.

పాడైపోయి ఉంటుందనుకున్నాను. కాలేదు. పైన తేటగా తేరుకుని, రాగి రంగులో ఉంది. గట్టయ్య ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని అన్నాడు, "చేదు ఎక్కువైంది అక్కా."

"ఆయనకు గట్లనే ఇష్టం" అన్నాను.

అందరూ తలూపారు. రాజలింగుకు ఏది ఇష్టమో, ఎవరితో ఎప్పుడు కొట్లాడాడో, ఎవరి కూతురి పెళ్లిలో తాగి పడ్డాడో చెప్పుకుంటూ, పీపా సగం అయ్యేదాకా కూర్చున్నాం. ఏడాదిగా నా ముందు ఎవరూ ఆయన పేరు ఎత్తలేదు, నా నోటికి భయపడి. ఆ రోజు అందరి నోటా ఆయనే. సునంద కూడా వచ్చింది, స్ట్రెచర్ లేకుండా. ఒక గ్లాసు తాగి, కాగితం చాపి, వేలితో చోటు చూపించింది. సంతకం పెట్టాను.

రాత 12

గోడ జరిపారు. మంచం, పీపా, నేను. తలనొప్పి తిరిగి వచ్చింది. పీపా కడుగుతుంటే ఐలవ్వక్క గిన్నె పట్టుకుని వచ్చింది.

"అడుగున మడ్డి మిగిలిందా?"

మిగిలింది. ఈస్టంతా అందులోనే ఉంటుంది. ఆమెకు అంతా తెలుసని అప్పుడు తెలిసింది. ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు.

"నువ్వు సంతకం పెట్టినవు గదక్కా. పేరు కొట్టేసిండ్రు. ముక్కు తిరుపతి వచ్చిండని అనది."

"ఏమన్న అననీ." గిన్నె ముందుకు చాపింది. "నా కొడుకు ఇంట్లనన్న సావలే గదనే. సంతకం పెట్టి నేనే సంపిన."

కడుపు చల్లబడుతుందని నాకు చెప్పిన మనిషి. నేను గిన్నె నిండా పోశాను. జొన్నలు ఎలా మొలకెత్తించాలో, నీళ్లు ఎంత వేడి ఉండాలో చెప్పాను. కాకర ఒరుగులు తగ్గించమన్నాను. "ఆగేటప్పుడు ఆగనియ్యి అక్కా. మల్ల మల్ల బెల్లం పొయ్యకు" అన్నాను. ఆమె విన్నదో లేదో.

రాత 13

గోడ దగ్గరికి వచ్చింది కదా, ఇప్పుడు అవతలి చప్పుడంతా వినబడుతుంది. ఇవాళ పొద్దున ఆయాసం మధ్యలో కొత్త చప్పుడు. బుళుక్.

ఆ వెంటనే వరుసంతా వినేలా ముక్కులన్నీ ఒక్కసారి పలికాయి. "ఐలవ్వ గారి గృహంలో జననం. గాలి కార్యాలయం అభినందనలు తెలుపుతోంది."

అందరం గుమ్మాల్లోకి వచ్చాం. ఆమె తలుపు పక్కన అంకె రెండు. ఐలవ్వక్కకు అరవై దాటి ఎన్నేళ్లో. ఎవరో పక్కున నవ్వారు, వరుసంతా నవ్వింది, నవ్వి నవ్వి ఒక్కసారే ఆగిపోయింది. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. కొంగు తల మీదుగా కప్పుకుని, చెవులకు గుడ్డ కట్టుకుని ఉంది, పచ్చి బాలింత లాగే.

"ఏం పేరు పెడుతవక్కా?" అని నేనే అడిగాను.

"ఉన్న పేరే" అంది.

గట్టయ్య నా పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "ఏందక్కా ఇది? నవ్వాలెనా, ఏడ్వాలెనా?"

"నాకేం ఎరుక?"

నిజంగానే నాకు తెలియదు. ఆగనియ్యి అని చెప్పింది నేనే. పోయినవాణ్ణి పోనిస్తేనే బీరు తేటపడుతుందని చేసి చూసింది నేనే. కానీ ఆమెకిప్పుడు పోయినవాడు కాదు, పుట్టినవాడు. పుట్టినవాణ్ణి ఆగనివ్వమని ఏ నోటితో చెప్పను?

రేపు తొట్టెల్లో వేసే వేడుక అంటున్నారు. పసివాణ్ణి చూడటానికి వట్టి చేతులతో పోకూడదు. ఇవాళే రేషన్ వచ్చింది. నా వంతు బెల్లం ముక్క కాగితంలో చుట్టి కొంగున ముడి వేసుకున్నాను.